పెంపుడు కుక్కకు బీమా: అసలు ఖర్చు ఎంత?

పెంపుడు కుక్కల బీమా గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో మాటలు వేరైనా సందేహం ఒక్కటే: కట్టే డబ్బుకు తగిన ప్రయోజనం ఉందా, లేదా? ప్రీమియం ధరలు దేశాన్నిబట్టి, ఊరినిబట్టి, కంపెనీనిబట్టి మారిపోతాయి. అందువల్ల ఈ జవాబుల్లో ధరలకన్నా, ఖర్చును లెక్కవేసుకునే పద్ధతికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. బీమా కోసం రెండు కంపెనీలను అడిగితే ఒకరు చెప్పిన ప్రీమియం మరొకరు చెప్పినదానికి దాదాపు రెట్టింపు ఉంది. జబ్బు చేస్తే చికిత్స ఖర్చు ఇస్తామని ఇద్దరూ అంటున్నారు. అలాంటప్పుడు తక్కువ ధర పాలసీ తీసుకుంటే నష్టమేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: నష్టం ఉండవచ్చు. పాలసీకి మీరు చెల్లించే ధర ప్రీమియంతో ఆగిపోదు. చికిత్స జరిగిన రోజున బిల్లులో మీ చేతినుంచి ఎంత పడుతుందన్నది కూడా ఆ ధరలో భాగమే. ఈ రెండింటినీ కలిపి చూస్తే తప్ప ఏది చవకో తెలియదు.

మొదట చూడవలసినది కంపెనీ చెల్లించే గరిష్ఠ పరిమితి, అది వర్తించే తీరు. కొన్ని పాలసీల్లో ఒక్కో జబ్బుకు ఒక పరిమితి ఉంటుంది, ఆ మొత్తం అయిపోయాక ఆ జబ్బుకు ఇక ఎప్పటికీ ఏమీ రాదు. కొన్నింటిలో జబ్బు బయటపడిన నాటినుంచి 12 నెలలపాటు మాత్రమే చెల్లించి, ఆ తర్వాత దానిని మినహాయింపుల జాబితాలో చేరుస్తారు. మూడో రకంలో, పాలసీని ఏటా తప్పకుండా రెన్యువల్ చేయించినంత కాలం, పరిమితి ప్రతి ఏడూ మళ్లీ పూర్తిగా అందుబాటులోకి వస్తుంది. విరిగిన కాలు బాగుచేయించడానికైతే ఈ మూడింటికీ పెద్ద తేడా కనిపించదు. కుక్కకు మధుమేహం వచ్చిందనుకోండి, అప్పుడు తేడా తెలుస్తుంది. సాధారణంగా రోజుకు రెండుసార్లు చొప్పున బతికినంతకాలం ఇన్సులిన్ ఇవ్వాలి, అప్పుడప్పుడు రక్తపరీక్షలు చేయించాలి. 12 నెలలకే చెల్లింపు ఆగిపోయే పాలసీ ఉన్నవారు రెండో ఏటినుంచి ఆ ఖర్చంతా సొంతంగా భరించాలి. ఆ దశలో మరో కంపెనీకి మారినా, ముందునుంచీ ఉన్న జబ్బు కనుక వాళ్లూ ఇవ్వరు. మీకు తక్కువ ధర చెప్పిన కంపెనీ పాలసీ ఈ రకమేనేమో ముందు తేల్చుకోండి.

తర్వాత డిడక్టిబుల్, కో-పే. డిడక్టిబుల్ అంటే కంపెనీ చెల్లింపు మొదలయ్యేలోపు మీరు పెట్టుకోవలసిన నిర్ణీత మొత్తం. కో-పే అంటే మిగిలిన బిల్లులో మీరు భరించవలసిన శాతం. డిడక్టిబుల్ ఏడాదికి ఒక్కసారి పడుతుందా, ప్రతి జబ్బుకూ విడివిడిగా పడుతుందా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఏటా మూడు నాలుగుసార్లు చర్మవ్యాధికో చెవిపోటుకో డాక్టరు దగ్గరికి వెళ్లవలసివచ్చే కుక్క అయితే, ప్రతి జబ్బుకూ డిడక్టిబుల్ పడే పాలసీనుంచి ఒక్క పైసా అయినా రాకపోవచ్చు. డిడక్టిబుల్, కో-పేలలో దేనిని ముందు తీసేస్తారన్నది కూడా ముఖ్యమే. బిల్లు 10,000, డిడక్టిబుల్ 1,000, కో-పే 20 శాతం అనుకుందాం. డిడక్టిబుల్ ముందు తీసేస్తే మిగిలిన 9,000లో 80 శాతం, అంటే 7,200 మీకు వస్తుంది. కో-పే ముందు తీసేస్తే 8,000లోంచి 1,000 పోగా 7,000 మాత్రమే చేతికందుతుంది. ఒక్క బిల్లులో ఇది పెద్ద తేడా కాదు గానీ, డిడక్టిబుల్ పెద్దదై, ఏటా బిల్లులు పడుతున్న కుక్క విషయంలో లెక్కలోకి తీసుకోవలసినంత అవుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకునేది వయసు. పిల్లగా ఉన్నప్పటి ప్రీమియం ఆ కుక్క జీవితంలోకెల్లా తక్కువది, కంపెనీలు ప్రకటనల్లో చూపించేది కూడా దానినే. లాబ్రడార్ మామూలుగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది, వైద్యం ఖరీదు పెరిగినందుకు మరికొంత పెరుగుతుంది. కాబట్టి రెండు కంపెనీలనూ ఒక పని చేయమనండి: ఇదే జాతి, ఇదే ఊరు, ఇదే పాలసీ అని చెప్పి, కుక్క వయసు 5 ఏళ్లయితే ఎంత, 8 ఏళ్లయితే ఎంత, 10 ఏళ్లయితే ఎంత అని ఈరోజు ధరలే అడిగి రాసుకోండి. మొదటి ఏడాది చవకగా కనిపించిన పాలసీ ఎనిమిదో ఏటికి రెండోదానిని దాటిపోవడం అరుదేమీ కాదు. లాబ్రడార్లలో తుంటి కీళ్లు, మోచేతి కీళ్లు, మోకాలి లిగమెంట్ల సమస్యలు ఎక్కువ. సాక్సులు, బంతి ముక్కలు మింగేసి ప్రాణంమీదికి తెచ్చుకోవడంలోనూ అవి ముందే ఉంటాయి. ఈ ఆపరేషన్లన్నీ ఖరీదైనవే. అందువల్ల పరిమితి తక్కువగా, డిడక్టిబుల్ కూడా తక్కువగా ఉన్న పాలసీకన్నా, పరిమితి పెద్దదిగా ఉండి డిడక్టిబుల్ కాస్త ఎక్కువైన పాలసీయే మీకు మంచిదని నా అభిప్రాయం. చిన్న బిల్లులు మీరు కట్టుకోగలరు. తలకు మించిన బిల్లు కోసమే బీమా.

ప్రశ్న: మా పగ్‌కు అడిగిన ప్రీమియం, పక్కింటివాళ్ల జాతి తెలియని కుక్కకు అడిగినదానికన్నా చాలా ఎక్కువ. రెండింటికీ మూడేళ్లే, రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఈ తేడా న్యాయమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ కుక్క ఈరోజు ఎలా ఉందన్నదానికన్నా, అలాంటి కుక్కలకు ఇంతవరకు ఎంత ఖర్చయిందన్న లెక్కనే బీమా కంపెనీ ఎక్కువగా చూస్తుంది. ఈ లెక్కలకు చాలా పాత చరిత్ర ఉంది. స్వీడన్‌లో గుర్రాలకు, పశువులకు బీమా 1890లో మొదలైంది, అక్కడే 1924లో మొదటిసారి ఒక కుక్కకు బీమా చేశారు. బ్రిటన్‌లో 1947లోనూ, అమెరికాలో 1982లోనూ పెంపుడు జంతువుల బీమా వచ్చింది. స్వీడన్‌లో కుక్కల్లో అత్యధిక భాగానికి బీమా ఉండటంవల్ల, ఏ జాతికి ఏ వయసులో ఏ జబ్బు వస్తుందన్నది అక్కడి క్లెయిమ్ రికార్డులనుంచే పరిశోధకులు తెలుసుకోగలిగారు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు, పదేళ్లు నిండేలోపే గర్భసంచిలో చీము పడుతుందని తేలింది అలాంటి రికార్డులవల్లే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కలకు కొన్ని కంపెనీలు ప్రీమియం తగ్గించడానికి ఇటువంటి లెక్కలే ఆధారం.

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కల్లో ముక్కు రంధ్రాలు సన్నగానూ, అంగిలి వెనక భాగం అవసరానికి మించి పొడుగ్గానూ ఉండి ఊపిరి ఆడటమే కష్టమవుతుంది; వేడి తట్టుకోలేవు; కళ్లు బయటికి ఉబ్బి ఉండటంవల్ల గీతలు పడి పుండ్లవుతాయి; చర్మపు ముడతల్లో చెమ్మ చేరి వాస్తుంది. శ్వాస సరిచేయడానికి ఆపరేషన్ కావలసి వచ్చే కుక్కలు వీటిలో చాలా ఉంటాయి. అలాగే డాక్‌షుండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం, గ్రేట్ డేన్‌కు కడుపు ఉబ్బి మెలితిరగడం, డాబర్‌మన్‌కు గుండె కండరం బలహీనపడటం, కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌కు గుండె కవాటం పాడవడం కంపెనీలకు ముందే తెలిసిన ప్రమాదాలు. జాతి తెలియని కుక్కలకు జబ్బులు రావని కాదు గానీ, ఇలా ఒకే జబ్బు కట్టగట్టుకుని వచ్చే అవకాశం వాటిలో తక్కువ.

కాబట్టి ప్రీమియం ఎక్కువ ఉండటంలో అన్యాయం ఉందని నేను అనను. అన్యాయం మరోచోట జరగవచ్చు. పగ్ అని చెప్పి ఎక్కువ ప్రీమియం తీసుకుంటూనే, పుట్టుకతో వచ్చే, వంశపారంపర్యంగా వచ్చే సమస్యలకు చెల్లించబోమని షరతుల్లో రాసే పాలసీలు ఉన్నాయి. అలాంటి పాలసీలో, మీ కుక్కకు వచ్చే అవకాశం ఎక్కువున్న జబ్బే మినహాయింపులో ఉంటుంది. శ్వాస సరిచేసే ఆపరేషన్‌కు డబ్బు ఇస్తారా అని ఆ మాటే స్పష్టంగా రాసి అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. ఇవ్వమంటే ఆ పాలసీ ఎంత చవకైనా మీకు దండగే.

ప్రశ్న: మా కుక్కకు నాలుగేళ్లు. పిల్లగా ఉన్నప్పటినుంచి ప్రీమియం కడుతున్నాం, ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. ఇదే డబ్బు బ్యాంకులో వేసుకుని ఉంటే మిగిలేది కదా అని మా వారు అంటున్నారు. మానేయడం మంచిదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇల్లు కాలిపోలేదు కనుక ఇంటి బీమా డబ్బు వృథా అయిందని మనం అనుకోం. అయినా మీవారి మాటలో నిజం చాలానే ఉంది. కంపెనీ తన ఖర్చులు, లాభం తీసుకున్నాకే మిగిలింది క్లెయిములకు ఇస్తుంది. అంచేత కుక్కల యజమానులందరినీ కలిపి చూస్తే కట్టినదానికన్నా తిరిగి వచ్చేది తక్కువే.

చిక్కల్లా ఆపద ఎప్పుడు వస్తుందో తెలియకపోవడంలో ఉంది. ఒక పెద్ద ఆపరేషన్‌కు మీ 60 నెలల ప్రీమియమంత ఖర్చవుతుందనుకుందాం. నెలనెలా ఆ ప్రీమియాన్నే దాచుకుంటే, ఐదేళ్లు పూర్తయ్యేసరికి డబ్బు సిద్ధంగా ఉంటుంది. ఆరో ఏట జబ్బు చేస్తే మీవారే గెలిచినట్టు. దాచడం మొదలుపెట్టిన ఇరవయ్యో నెలలో కుక్క రోడ్డుమీద బండి కిందపడితే ఇంకా 40 నెలల సొమ్ము లోటు. పైగా అలా దాచిన డబ్బు దాచినట్టే ఉంటుందన్న నమ్మకం ఎంతమందికి ఉంటుంది? పిల్లల ఫీజులో, ఇంటి మరమ్మతో వచ్చినప్పుడు మొదట చెయ్యి వెళ్లేది దానిమీదికే.

ఒక పెద్ద ఆపరేషన్‌కు కావలసిన మొత్తాన్ని అప్పు చేయకుండా, ఒకరోజు వ్యవధిలో తీయగలిగే కుటుంబం మీదైతే బీమా మానేసి సొంతంగా దాచుకోవడమే లాభం. అంత స్తోమత లేకపోతే మానవద్దని గట్టిగా చెబుతాను. చికిత్స చేస్తే బతికే కుక్కను, డబ్బు సమకూరక ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చమని యజమానులు అడగవలసి రావడం పశువైద్యులు చూస్తూనే ఉంటారు. ఆ నిర్ణయం తీసుకున్న కుటుంబాలు చాలాకాలం కోలుకోవు. మధ్యేమార్గం ఒకటుంది: పాలసీని ఉంచుకుని డిడక్టిబుల్ పెంచుకోండి, తగ్గిన ప్రీమియం మేరకు ప్రతి నెలా విడిగా దాచండి. కొన్నాళ్లకు ఆ దాచిన డబ్బే డిడక్టిబుల్‌కు సరిపోతుంది.

ప్రశ్న: మా రాట్‌వైలర్‌కు పాలసీ తీసుకున్న ఎనిమిది నెలలకు కుడి మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ చేయించాం. పాలసీకి ముందే కుంటేదని డాక్టరు రికార్డులో ఉందంటూ కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. అప్పట్లో కుంటింది ఎడమ కాలు. ఇది మోసం కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ బాధ అర్థమవుతోంది. ఆపరేషన్ ఖర్చు, కుక్క నొప్పి చాలవన్నట్టు గోరుచుట్టుమీద రోకటిపోటులా ఈ తిరస్కరణ వచ్చిపడింది. అయితే మోసం అనే ముందు పాలసీ పత్రంలో ఒక షరతు ఉందేమో చూడండి. శరీరానికి రెండు పక్కలా ఉండే అవయవాల్లో, అంటే మోకాళ్లు, తుంటి కీళ్లు, కళ్లు, చెవుల్లో, ఒక పక్క ముందే సమస్య ఉంటే రెండో పక్కకూ చెల్లించబోమని చాలా పాలసీలు రాసుకుంటాయి. మోకాలి విషయంలో దీనికి వైద్యపరమైన ఆధారం కూడా ఉంది: ఒక మోకాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో సగానికి దగ్గరగా, తర్వాత కొంతకాలానికి రెండోది కూడా తెగుతుంది.

మీకు ఇంకా దారి మూసుకుపోలేదు. అప్పట్లో ఎడమ కాలు ఎందుకు కుంటిందన్నదే మొత్తం వ్యవహారంలో కీలకం. పంజాలో ముల్లు దిగో, గోరు చీలో కుంటి ఉంటే దానికీ మోకాలికీ సంబంధం లేదు. అయితే డాక్టర్లు తీరిక లేనప్పుడు రికార్డులో ‘ఎడమ వెనక కాలు కుంటుతోంది’ అని ఒక్క ముక్క రాసి, కారణం రాయకుండా వదిలేస్తారు. క్లెయిమ్ పరిశీలించేవారి చేతికి వెళ్లేది ఆ ఒక్క ముక్కే. అప్పుడు చూసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్లి, ఆనాటి కారణం, ఇచ్చిన మందు, ఎన్ని రోజుల్లో తగ్గింది అన్నవి వివరంగా రాసి ఇవ్వమని అడగండి. ఎక్స్‌రే తీసి ఉంటే జతపరచండి. ఏ షరతు కింద తిరస్కరించారో ఆ నంబరుతో సహా రాతపూర్వకంగా చెప్పమని కంపెనీని కోరండి. అక్కడి ఫిర్యాదుల విభాగంలో న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు గానీ, బీమా నియంత్రణ సంస్థకు గానీ వెళ్లవచ్చు.

మిగతా పాఠకులు గమనించవలసిన సంగతి ఇందులో ఉంది. ముందునుంచీ ఉన్న జబ్బు అంటే డాక్టరు పేరు పెట్టిన జబ్బు మాత్రమే అనుకోకండి. లక్షణం కనిపించినా అది జబ్బు కిందే లెక్క. పాలసీకి నెల ముందు చెవి గోక్కుంటోందని రికార్డులో ఉంటే, తర్వాత వచ్చే చెవి ఇన్ఫెక్షన్‌కే కాక చర్మ అలెర్జీకి కూడా అడ్డు చెప్పవచ్చు. పాలసీ మొదలైన తర్వాత కూడా వెయిటింగ్ పీరియడ్, అంటే కంపెనీ ఇంకా ఏమీ చెల్లించని గడువు, ఉంటుంది. జబ్బులకు తరచుగా 14 నుంచి 30 రోజులు, మోకాలికీ తుంటికీ చాలాచోట్ల 6 నెలల వరకు. ఆ లోపల బయటపడినది ఏదైనా ముందునుంచీ ఉన్నదే అంటారు. కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడు, వీలైతే పిల్లగా ఉన్నప్పుడే తీసుకోమనడానికి ఇదే కారణం. తీసుకునేముందు పూర్తి పరీక్ష చేయించి, కుక్కకు ఏ లోపమూ లేదన్న రికార్డు దగ్గర పెట్టుకోండి. మైక్రోచిప్ ఉంటే ఆ 15 అంకెల నంబరు పాలసీలోనూ, డాక్టరు రికార్డులోనూ ఒకేలా ఉందో లేదో సరిచూసుకోండి. ఒక్క అంకె తప్పు పడినా బిల్లు మీ కుక్కదేనని నిరూపించుకోవడానికి తిరగవలసి వస్తుంది.

ప్రశ్న: టీకాలు, నట్టల మందు, పిడుదుల మందు, పళ్లు శుభ్రం చేయించడం కూడా పాలసీలోకి వస్తాయంటూ అదనపు ప్యాకేజీ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: సాధారణంగా వద్దంటాను. అవన్నీ ప్రతి ఏటా తప్పనిసరిగా అయ్యే, ముందే తెలిసిన ఖర్చులు. ఏడాదికి వాటికి ఎంతవుతుందో ఒక కాగితంమీద కూడి, ప్యాకేజీ ధర అంతకన్నా తక్కువైతేనే తీసుకోండి. టీకాల తేదీలు మాత్రం దాటనివ్వకండి. పార్వో (కుక్కలకు వచ్చే వైరస్ వ్యాధి) వంటి, టీకాతో నివారించదగిన వ్యాధికి, టీకా వేయించని కుక్క విషయంలో ఎక్కువ కంపెనీలు చెల్లించవు.

ప్రశ్న: మా కుక్క ఎవరినైనా కరిస్తే ఆ ఖర్చు బీమాలో వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడో వ్యక్తికి కలిగే నష్టం అనే భాగం పాలసీలో ఉంటేనే వస్తుంది. చికిత్స పాలసీతో అది దానంతటదే రాదు. కొందరికి ఇంటి బీమాలోనే ఆ భాగం ఉంటుంది కనుక, ముందు ఆ పత్రం తీసి చూడండి.

ప్రశ్న: మా కుక్కకు తొమ్మిదేళ్లు. ఈసారి రెన్యువల్‌కు ప్రీమియం బాగా పెరిగింది, దానికి తోడు కో-పే కూడా పెంచారు. థైరాయిడ్ మందులు వాడుతోంది. వేరే కంపెనీకి మారిపోదామనుకుంటున్నాం.
– ఒక పాఠకుడు

జవాబు: తొందరపడి మారకండి. కొత్త కంపెనీ చెప్పే ధర తక్కువగా ఉన్నా, థైరాయిడ్ సమస్య అక్కడ ముందునుంచీ ఉన్న జబ్బవుతుంది; వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదలవుతుంది; తొమ్మిదేళ్ల కుక్కకు కొత్తగా పాలసీ ఇవ్వని కంపెనీలు కూడా చాలా ఉన్నాయి. ఉన్న పాలసీకి ఒక్కరోజు విరామం వచ్చినా ఇన్నేళ్లుగా కట్టిన ప్రీమియంతో సంపాదించుకున్న హక్కు పోయే ప్రమాదం ఉంది.

ముందు గత రెండేళ్ల బిల్లులు తీసి, థైరాయిడ్ మందులకు, పరీక్షలకు ఎంతైంది, అందులో కంపెనీనుంచి ఎంత వచ్చింది అని చూడండి. థైరాయిడ్ మాత్రలు చవకే కాబట్టి, ఆ ఒక్కదాని కోసమైతే పాలసీ గిట్టకపోవచ్చు. అయితే తొమ్మిదేళ్లు దాటిన కుక్కకు కణితులు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు వచ్చే కాలం ఇదే. ఏళ్ల తరబడి కట్టి, అవసరం పడే వేళకు వదిలేయడం మంచిది కాదని నాకనిపిస్తుంది. పెరిగిన ప్రీమియం మోయలేకపోతే పాలసీ రద్దు చేయకుండా బరువు తగ్గించుకునే మార్గాలు అడగండి: డిడక్టిబుల్ పెంచుకోవచ్చు, అదనపు ప్యాకేజీలు తీసేయించవచ్చు, ఏడాది మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు ఉందేమో తెలుసుకోవచ్చు. వార్షిక పరిమితిని మాత్రం తగ్గించుకోకండి.

కుక్క పెద్దదైతే, ఉదాహరణకు గ్రేట్ డేన్ లాంటిదైతే, తొమ్మిదేళ్లకే వార్ధక్యం చివరికొచ్చినట్టు. అప్పుడు పెద్ద ఆపరేషన్ చేయించే ఉద్దేశం మీకు ఉందా అని డాక్టరు గారితో మనసు విప్పి మాట్లాడి, లేకపోతే ఆ ప్రీమియం సొమ్మును నొప్పి తగ్గించే మందులకు, ఇంటి దగ్గర సంరక్షణకు మళ్లించడంలో తప్పులేదు. చిన్న జాతి కుక్కయితే ఇంకా నాలుగైదేళ్ల ఆయుష్షు ఉండవచ్చు, అప్పుడు కొనసాగించడమే మేలు. ఏ నిర్ణయమైనా రెన్యువల్ గడువుకు ముందే తీసుకుని, మార్పులన్నీ కొత్త పాలసీ పత్రంలో చేరాయో లేదో చదివి చూసుకున్నాకే డబ్బు కట్టండి.